పగడాల ట్యాంకులో నీళ్ళ లెక్క: మొదటి బకెట్ నుంచి ఇండియా ట్రిప్ దాకా

మా అమ్మ మొదటిసారి డల్లాస్ వచ్చినప్పుడు హాల్లో ట్యాంకు ముందు చాలాసేపు నిలబడి "పగడమంటే వేలికి పెట్టుకునేది గదరా, దీనికి తిండీ నీళ్ళూ మందులూ ఏంటి" అంది. ఆ ఉంగరం పగడం వేరు, మధ్యధరా సముద్రంలో చీకట్లో పెరిగే ఎర్ర జాతి, దానికి ఎండతో పన్లేదు. మన ట్యాంకుల్లో ఉండేవాటి ఒంట్లో జూజాంథెల్లే అని కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది, వెలుగు పడితే అది వంట చేస్తుంది, ఆ వంటతోనే పగడానికి సగానికి పైగా కడుపు నిండుద్ది, ఆ బలంతోనే అది నీళ్ళలోంచి కాల్షియం లాక్కుని రాయి కట్టుకుంటది. అంటే నీళ్ళే దాని సిమెంటు కొట్టు. కొట్లో సరుకు రోజూ తగ్గుతూ ఉంటది, మనం రోజూ అంతే నింపాలి. ఈ హాబీలో నాకు అర్థమైంది ఇంతే, కాకపోతే ఇది అర్థమవడానికి 2 ఏళ్ళూ, బోలెడు డాలర్లూ, ఒక మంచి ఆక్రొపోరా (కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడం) పోయాయి.

ఆ ఆక్రొపోరా సంగతి ముందే చెప్పేస్తా. ఒక రాత్రి ఆల్కలినిటీ (పగడం రాయి కట్టుకోడానికి నీళ్ళలో ఉండే కార్బొనేట్ల నిల్వ, ముద్దుగా ఆల్క్, డీకేహెచ్‌లలో కొలుస్తాం) చూస్తే 6.3 వచ్చింది, కంగారుపడి 9.5కి తీసుకెళ్దామని లెక్కేసి 12 గ్రాముల సోడా యాష్ (ఆల్క్ పెంచే పొడి) కలిపి ఒకేసారి పోసేశా. నాలుగు రోజుల్లో కొమ్మల చివర్లు కాలినట్టు తెల్లబడ్డాయి, తర్వాత కింద నుంచి కండ పొరలు పొరలుగా ఊడిపోయింది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. ఇంకా దారుణం ఏంటంటే కొత్త రీఏజెంట్ (కొలిచే కిట్‌లో మందు) కొని చూస్తే పాతది పాడైపోయిందని తెలిసింది, ఆ రాత్రి నా ఆల్క్ 6.3 కాదు, 7.8 దగ్గర బాగానే ఉంది, నేను దాన్ని 11కి ఎక్కించా. పగడం 7.5లో బతుకుద్ది, 9లో కూడా బతుకుద్ది, 7.5 నుంచి 9కి ఒక్క రాత్రిలో మారిస్తేనే చస్తది.

ఇంకో ముక్క, ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లూ షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులి ఉన్న లిస్టులోనే. ఎవరో తెచ్చిస్తా అన్నారని హామర్ లాంటి రాతి పగడాలూ ఆక్రోలూ (అంటే ఆక్రొపోరాలు) కొనకండి, కేసైతే మామూలుగా ఉండదు. కింద చెప్పే నీళ్ళ పద్ధతులు మాత్రం ఉప్పునీటి చేపల ట్యాంకుకి కూడా చాలావరకు పనికొస్తాయి.

నా లెక్కలన్నీ నా ట్యాంకుకి, 55 గ్యాలన్లు, కింద సంప్ (ఫిల్టర్ సామాన్లుండే రెండో తొట్టి) కలిపి రాళ్ళు పోను నికరంగా 200 లీటర్ల నీళ్ళు. మీది ఎంతో ముందు అది తేల్చుకోండి, అద్దాల కొలత కాదు, నిజంగా ఉన్న నీళ్ళు. మొదటిసారి నింపేటప్పుడు బకెట్లు లెక్కపెట్టుకోవడం కంటే మంచి పద్ధతి లేదు.

స్టెప్ 1: సున్నా నీళ్ళు

కుళాయి నీళ్ళు వాడొద్దు. ఆర్‌ఓ డీఐ యూనిట్ (ఆర్‌ఓ ఫిల్టరూ, దాని తర్వాత మిగిలిన లవణాలు పీల్చేసే డీఐ రెసినూ) కొనండి, నీళ్ళలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటర్లో 0 రావాలి, 5 కాదు 3 కాదు 0. మా వైపు, అంటే ఉత్తర టెక్సాస్‌లో, నీళ్ళలో క్లోరమైన్ కలుపుతారు, మామూలు క్లోరిన్ లాగా ఒక రాత్రి బకెట్లో ఉంచితే ఎగిరిపోయే రకం కాదది. యూనిట్లో కార్బన్ బ్లాక్ (దాన్ని పట్టే బొగ్గు ఫిల్టర్) మంచిదుండాలి, టైముకి మార్చాలి. ఫ్రిస్కో, ప్లేనో వైపు వాళ్ళకి ఇంకోటి, ఏటా మార్చిలో కొన్ని వారాలు క్లోరమైన్ ఆపి ఒట్టి క్లోరిన్ మీద నడుపుతారు పైపులు శుభ్రం చేయడానికి, నేనైతే ఫిబ్రవరి చివర్లోనే నాలుగు డబ్బాలు నీళ్ళు పట్టి పెట్టుకుంటా.

హైదరాబాద్, విజయవాడ వాళ్ళు ఇంట్లో తాగే ఆర్‌ఓ ఉంది కదా అని అదే వాడేస్తుంటారు, మా కజిన్ కూడా అదే చేశాడు. దాంట్లో చాలా వాటికి రుచి కోసం టీడీఎస్ అడ్జస్టరో మినరల్ కాట్రిడ్జో ఉంటది, అంటే ఫిల్టర్ చేసిన నీళ్ళలో మళ్ళీ కొంచెం కలిపి ఇస్తది. మనిషికి బాగుంటది, ట్యాంకుకి కాదు. దాని తర్వాత డీఐ రెసిన్ పెట్టుకోవాల్సిందే, బోరు నీళ్ళైతే ఆ రెసిన్ తొందరగా అయిపోద్ది, దానికి సిద్ధపడండి. రంగు మారే రెసిన్ కొంటే మార్చే టైము కంటికే తెలుస్తది.

ఇత్తడి, రాగి అమరికలు ఈ నీళ్ళు వెళ్ళే దారిలో ఎక్కడా ఉండకూడదు. పూజ గదిలో రాగి చెంబు మంచిదే గానీ ఇక్కడ రాగి విషం, పగడాలకీ రొయ్యలకీ నత్తలకీ. చేపల మందుల్లో కూడా రాగి ఉంటది, జబ్బు చేపని వేరే ట్యాంకులో పెట్టి వైద్యం చేయండి, ఇందులో చుక్క కూడా వేయొద్దు.

స్టెప్ 2: ఉప్పు

సముద్రం 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) దగ్గర ఉంటది, 25 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీలో (మంచినీళ్ళతో పోలిస్తే ఎంత బరువో) చెప్పాలంటే 1.026 చిల్లర. మనం కూడా అక్కడే ఉండాలి. రీఫ్ సాల్ట్ మిక్స్‌లో కొంచెం తేమ కూడా ఉంటది కాబట్టి లీటరుకి 35 గ్రాములు వేస్తే సరిపోదు, 37, 38 దాకా పడుద్ది. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు, ఈ వరస తిరగేయొద్దు, ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కగా ఉన్నచోట కాల్షియమూ కార్బొనేటూ కలిసి సున్నంలా పేరుకుంటాయి, మళ్ళీ కరగవు.

రిఫ్రాక్టోమీటర్‌ని (సాలినిటీ, అంటే ఉప్పుదనం కొలిచేది) ఒట్టి నీళ్ళతో సున్నాకి సెట్ చేసి సరిపెట్టుకుంటారు చాలామంది. సున్నా దగ్గర కరెక్టుగా ఉండి 35 దగ్గర 2 తప్పు చూపించే మీటర్లు బోలెడు, 35 పీపీటీ కాలిబ్రేషన్ లిక్విడ్ చిన్న సీసా కొని దానితో సెట్ చేయండి. సాలినిటీ తప్పయితే తర్వాత కొలిచే కాల్షియం, మెగ్నీషియం, ఆల్క్ అన్నీ తప్పే. కాల్షియం తక్కువొచ్చిందని నాకు మెసేజ్ పెట్టినవాళ్ళని నేను మొదట అడిగేది సాలినిటీనే, సగం సార్లు కేసు అక్కడే క్లోజ్.

పప్పుచారు మరిగితే నీళ్ళు పోయి ఉప్పు ఎక్కినట్టే ట్యాంకులో కూడా ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. అందుకని రోజూ తగ్గినంత నింపేది సున్నా నీళ్ళతోనే, ఉప్పునీళ్ళతో కాదు. ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీళ్ళు దానంతటదే నింపే పరికరం) పెట్టుకుంటే పీడా పోద్ది, ఎండాకాలంలో నాకు రోజుకి 4 లీటర్లు ఎగిరిపోతాయి.

స్టెప్ 3: తోడు

ఈ నైట్రోజన్ సైకిల్ గురించి అందరూ రాస్తారు, నేను రెండు మాటల్లో తేలుస్తా. అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళ మీద పట్టాలి. పాలు తోడు పెట్టినట్టే, నడుస్తున్న ట్యాంకులోంచి ఒక రాయి తెచ్చి వేస్తే తొందరగా పట్టుద్ది, లేదంటే సీసా బ్యాక్టీరియా వేసి అమోనియం క్లోరైడ్‌తో 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2) అమోనియా ఇచ్చి అది ఒక రోజులో సున్నా అయ్యేదాకా ఆగండి. 4 నుంచి 6 వారాలు అనుకోండి. ఆ తర్వాత కూడా ముందు చేప, తర్వాత మెత్తటి పగడాలు అంటే మష్రూమ్‌లూ లెదర్లూ జోవాంథిడ్‌లూ, కొన్ని నెలలయ్యాక హామర్, డంకన్ లాంటివి, ఆక్రొపోరా జోలికి ఏడాది దాకా వెళ్ళకపోతేనే మంచిది.

స్టెప్ 4: కొలవడం నేర్చుకోవడం

కొలవాల్సినవి సాలినిటీ, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, నైట్రేట్, ఫాస్ఫేట్. టెంపరేచర్ ఎలాగూ కనపడుద్ది. ఆల్క్‌కి హన్నా చెకర్ (హన్నా కంపెనీ చిన్న డిజిటల్ మీటరు) బాగుంటది, అంకె కనపడుద్ది కాబట్టి రంగు నీలమా గులాబీనా అని ఇంట్లో వాళ్ళతో గొడవుండదు, కాకపోతే అది కూడా 0.3 అటూ ఇటూ చూపిస్తది, అందుకే నిన్న 8.1, ఇవాళ 8.3 వచ్చిందని ఏమీ చేయకండి, అది పగడం కాదు మీటరు. కాల్షియం, మెగ్నీషియంకి సాలిఫెర్ట్ లాంటి చుక్కల కిట్లు చాలు.

నేను పాటించే పద్ధతులు చెప్తా. గాజు సీసా బయట వేలిముద్రలు తుడవాలి, లోపల బుడగలు ఉండకూడదు, సిరంజి మొదట ట్యాంకు నీళ్ళతోనే కడగాలి. రీఏజెంట్ మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాయాలి (నా ఆక్రొపోరా ఆత్మశాంతి కోసం). ఎప్పుడూ ఒకే టైముకి కొలవాలి, నాది రాత్రి భోజనం తర్వాత 9కి, ఎందుకంటే పగలంతా లైట్ల కింద పగడం ఎక్కువ తింటది కాబట్టి పొద్దున అంకె రాత్రి అంకె ఒకటి కావు. వింత అంకె వస్తే ఆ రాత్రి ఏమీ పోయొద్దు. మళ్ళీ కొలవండి, మళ్ళీ అదే వస్తే వేరే కిట్‌తో కొలవండి, అప్పుడు కూడా నిద్రపోయి పొద్దున ఆలోచించండి.

స్టెప్ 5: ఆల్క్, కాల్షియం, మెగ్నీషియం, ఈ ముగ్గురి కథ

సముద్రంలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్, కాల్షియం 410-420 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర. ట్యాంకులో మనం ఆల్క్ 7.5 నుంచి 9 మధ్య ఏదో ఒక అంకె, కాల్షియం 400-450, మెగ్నీషియం 1250-1350 పెట్టుకుంటాం. ఆల్క్ ఎంత పెట్టుకోవాలి అని కొట్టుకుంటుంటారు, నా లెక్కలో 8 అనుకోండి, రేపు 8, ఎల్లుండి 8, వచ్చే ఉగాదికి కూడా 8.

పగడం రాయి కట్టేటప్పుడు ఒక కాల్షియానికి రెండు బైకార్బొనేట్లు తీసుకుంటది, కాల్షియం కార్బొనేట్ తయారవుద్ది, కొంచెం కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తది. ఈ జంట ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తగ్గుద్ది, ఆల్క్ 2.8 డీకేహెచ్ తగ్గితే కాల్షియం 20 పీపీఎం తగ్గుద్ది, అంటే 1 డీకేహెచ్‌కి సుమారు 7. ఇక్కడే అసలు కిటుకు. కాల్షియం నిల్వ 420 ఉంది, అందులో 7 పోతే కిట్‌కి కనపడను కూడా కనపడదు. ఆల్క్ నిల్వ 8 మాత్రమే, అందులో 1 పోతే ఎనిమిదో వంతు పోయినట్టు. జీతం ఖాతాలో, బీరువాలో ఒకే మొత్తం తీస్తున్నారనుకోండి, ముందు ఖాళీ అయ్యేది చిన్నదే కదా. అందుకే రోజూ చూడాల్సింది ఆల్క్, కాల్షియం వారానికోసారి, మెగ్నీషియం రెండు వారాలకోసారి చూసినా చాలు.

మెగ్నీషియం పని కావలివాడి పని. నీళ్ళలో కాల్షియమూ కార్బొనేటూ ఊరికే కలిసి స్ఫటికాలు కట్టకుండా ఆ స్ఫటికం పైకి మెగ్నీషియం ఎక్కి కూర్చుని ఎదగనివ్వదు. మెగ్నీషియం బాగా తగ్గిందంటే మీరు ఎంత కాల్షియం పోసినా, ఎంత ఆల్క్ పోసినా పంపుల మీదా హీటర్ మీదా తెల్లగా పేరుకుంటదే తప్ప నీళ్ళలో నిలవదు. "అన్నా ఎంత వేసినా పెరగట్లేదు" అన్నవాళ్ళలో చాలామందికి సమస్య ఇదే, ముందు దీన్ని సరిచేసి తర్వాత మిగతా రెండూ చూసుకోండి. 100 లీటర్లలో 10 పీపీఎం మెగ్నీషియం పెరగాలంటే మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 8.4 గ్రాములు కావాలి, రోజుకి 100 పీపీఎం కంటే ఎక్కువ ఎక్కించొద్దు.

స్టెప్ 6: మీ ట్యాంకు రోజుకి ఎంత తింటుందో కనుక్కోవడం

ఇది ఎవరూ ఓపిగ్గా చేయరు, డబ్బా వెనకాల రాసినంత పోసేస్తారు. డబ్బా కంపెనీకి మీ ట్యాంకులో ఎన్ని పగడాలున్నాయో ఏం తెలుసు.

డోసింగ్ (ఆల్క్, కాల్షియం పోయడం) అంతా ఆపండి, నీళ్ళు మార్చడం కూడా ఆపండి. వరసగా మూడు రాత్రులు ఒకే టైముకి ఆల్క్ రాసుకోండి. నాకు ఒకప్పుడు 8.4, 8.0, 7.6 వచ్చాయి, అంటే రోజుకి 0.4. ఈ మూడు రోజుల్లో 7 కిందకి వెళ్ళేలా ఉంటే మధ్యలోనే ఆపేసి ఉన్నంతలో లెక్క కట్టండి.

ఇప్పుడు వంటింట్లోకి. తినే సోడా, అంటే బేకింగ్ సోడా, 100 లీటర్ల నీళ్ళలో 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుద్ది. బేకింగ్ పౌడర్ కాదు, అందులో ఇంకా ఏవేవో ఉంటాయి. నాకు 200 లీటర్లు, రోజుకి 0.4 కావాలి, అంటే 2 × 3 × 0.4, రోజుకి 2.4 గ్రాములు. దానికి జతగా కాల్షియం రోజుకి 2.9 పీపీఎం కావాలి, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 100 లీటర్లకి 3.7 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుద్ది కాబట్టి నాకు రోజుకి 2.1 గ్రాములు.

రోజూ త్రాసు పట్టుకుని కూర్చోలేం కదా, రెండు సీసాలు చేసుకోండి. ఒకటి 'ఏ' (A), ఒకటి 'బీ' (B). 'ఏ' సీసాలో సున్నా నీళ్ళలో 60 గ్రాముల తినే సోడా కరిగించి లీటరుకి నింపండి, బీ సీసాలో 52.5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కరిగించి లీటరుకి నింపండి (ఇది కరిగేటప్పుడు వేడెక్కుద్ది, కొంచెం కొంచెం వేయండి, ఫుడ్ గ్రేడ్‌దే కొనండి). ఈ రెండూ సరిగ్గా జోడీ, 'ఏ' ఎన్ని మిల్లీలీటర్లు పోస్తే 'బీ' కూడా అన్నే. నాకు రోజుకి చెరో 40. మీ ట్యాంకు 100 లీటర్లై రోజుకి 0.4 తింటే చెరో 20, 300 లీటర్లై 0.6 తింటే చెరో 90, ఇలా.

రెండూ ఒకేసారి ఒకేచోట పోస్తే మాత్రం పాలు పోసినట్టు తెల్లగా అయిపోద్ది, కాల్షియం కార్బొనేట్ అక్కడికక్కడే గడ్డకట్టిందన్నమాట, పోసిన సరుకే కాదు ట్యాంకులో ఉన్నది కూడా లాక్కుపోద్ది. నీటి జోరు ఎక్కువున్న చోట 'ఏ' పోసి, కనీసం అరగంట ఆగి 'బీ' పోయండి. నేను రాత్రి 'ఏ', పొద్దున 'బీ' పోసేవాణ్ణి, తర్వాత డోసింగ్ పంపు కొన్నా, అది రోజంతా చిన్న చిన్న వాటాలుగా పోస్తది, 24 గంటల్లో ఆల్క్ 0.2 కూడా కదలదు.

మొదలుపెట్టాక ఒక వారం రోజూ కొలవండి. దిగుతూ ఉంటే 10 శాతం పెంచండి, ఎక్కుతూ ఉంటే తగ్గించండి, మళ్ళీ మూడు రోజులు ఆగండి. పగడాలు పెరిగేకొద్దీ తిండి పెరుగుద్ది, నేను మొదట చెరో 40తో మొదలుపెట్టి ఏడాదిన్నరలో 110 దాకా వెళ్ళా. లైట్ పెంచినా తిండి పెరుగుద్ది, అది చాలామంది మర్చిపోతారు.

తగ్గిపోయిన ఆల్క్‌ని మళ్ళీ ఎక్కించాలంటే రోజుకి 1 డీకేహెచ్ మించొద్దు, నేనైతే 0.5. ఎక్కువైపోతే దించడానికి ఏమీ పోయొద్దు, డోసింగ్ ఆపి పగడాలే తిని దించేదాకా కూర్చోండి.

ఒక చిన్న వడ్డీ కూడా ఉంది. ఈ రెండు సీసాల్లో సోడియమూ క్లోరైడూ మిగిలిపోయి మామూలు ఉప్పవుద్ది, నా 40 మిల్లీలీటర్ల లెక్కన ఏడాదికి 600 గ్రాముల పైనే, అంటే నీళ్ళు మార్చకుండా ఉంటే ఏడాదికి 3 పీపీటీ సాలినిటీ ఎక్కుద్ది. వారానికి 10 శాతం నీళ్ళు మార్చేవాళ్ళకి ఇది పెద్దగా పట్టదు. కొత్త నీళ్ళ ఆల్క్ కూడా ఒకసారి కొలవండి, కొన్ని సాల్ట్ మిక్స్‌లు 11, 12 ఇస్తాయి, మీ ట్యాంకు 8లో ఉంటే పెద్ద వాటర్ చేంజ్ చేసిన రోజు మీ చేతులతో మీరే దెబ్బ కొట్టినట్టు.

సున్నపు తేట

జర్మన్ వాళ్ళు కాల్క్‌వాసర్ అని పెద్ద పేరు పెట్టారు గానీ ఇది మన సున్నపు తేటే. కాల్షియం హైడ్రాక్సైడ్ నీళ్ళలో కలిపి పైన తేరుకున్నది. కాల్షియం, ఆల్క్ రెండూ సరైన జోడీలో ఒకే గిన్నెలో, ఉప్పు మిగలదు, పీహెచ్ కూడా లేస్తది. టాప్ ఆఫ్ నీళ్ళలో కలిపి పోస్తారు.

కిళ్ళీ కొట్టు సున్నం మాత్రం వాడకండి, అందులో ఏముందో తెలియదు, ఊరగాయలకి అమ్మే ఫుడ్ గ్రేడ్ పికిల్ లైమ్ దొరుకుద్ది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కినట్టే ఇక్కడా, దీని పీహెచ్ 12 పైన, కళ్ళలో పడితే ప్రమాదం, గ్లవ్స్ వేసుకోండి, పిల్లలకి అందనివ్వొద్దు.

లెక్క తప్పితే ట్యాంకు మొత్తం పోద్ది. నాకు రోజుకి 4 లీటర్లు ఆవిరవుద్ది అన్నా కదా, ఆ 4 లీటర్లూ పూర్తిగా నానిన సున్నపు తేట పోస్తే ఆల్క్ ఒక్కరోజులో 2.3 డీకేహెచ్ లేస్తది. నాకు కావల్సింది 0.4. అంటే ఆ 4 లీటర్లలో 1.1 గ్రాముల సున్నం కలిపితే చాలు. చుక్కలు చుక్కలుగా, రాత్రిపూట. టాప్ ఆఫ్ సెన్సర్ ఇరుక్కుపోయి డబ్బా మొత్తం దిగినా ట్యాంకు తట్టుకునేంత చిన్న డబ్బాలోనే పెట్టండి.

స్టెప్ 7: నైట్రేట్, ఫాస్ఫేట్

మురికి అనుకుని వీటిని సున్నా చేయాలని చూస్తారు, నేనూ చేశా. సున్నా అయితే పగడం ఒంట్లో నాచుకి ఎరువు లేక రంగులు వెలిసిపోతాయి, దానికి తోడు డైనోఫ్లాజెలేట్లు వస్తాయి, గోధుమరంగు చీమిడిలా ఇసుక మీద బుడగలతో. వాటిని వదిలించుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. నైట్రేట్ 5-10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03-0.1 పీపీఎం ఉంచండి. హన్నా అల్ట్రా లో ఫాస్ఫరస్ చెకర్ వాడేవాళ్ళు గమనించండి, అది చూపించేది ఫాస్ఫరస్, పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు), దాన్ని 3.066తో గుణిస్తే ఫాస్ఫేట్. 20 వస్తే 61 పీపీబీ, అంటే 0.06 పీపీఎం, బాగున్నట్టే.

ఎక్కువైతే ముందు తిండి తగ్గించండి, స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికిని నురగగా తీసే పరికరం) శుభ్రం చేయండి, సంప్‌లో కీటో నాచు పెంచండి. ఐరన్ మీడియా (ఫాస్ఫేట్ పీల్చే ఇనుము గుళికలు) వాడితే డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టండి, ఒక్కసారిగా ఫాస్ఫేట్ పడిపోతే ఆక్రోలు తట్టుకోలేవు. రాళ్ళు కూడా ఫాస్ఫేట్ పీల్చుకుని ఉంటాయి, నీళ్ళలో తగ్గితే మళ్ళీ వదుల్తాయి, అందుకే రెండు వారాలు అంకె కదలకపోతే మీడియా పనిచేయట్లేదని తిట్టుకోకండి. వోడ్కా పోసే పద్ధతి కూడా ఉంది, బ్యాక్టీరియాకి కార్బన్ తిండి అన్నమాట, వెనిగర్‌తో కూడా చేస్తారు, కొత్తవాళ్ళు మాత్రం దాని జోలికి పోవద్దు.

ఇక్కడ ఆల్క్‌తో ముడి ఉంది. ఎరువులు తక్కువగా ఉన్న నీళ్ళలో ఆల్క్ 10, 11 పెడితే కొమ్మల చివర్లు కాలతాయి. మీ నైట్రేట్, ఫాస్ఫేట్ అడుగున ఉంటే ఆల్క్ కూడా 7-8లోనే ఉంచండి.

పీహెచ్ వెంట పడకండి

పొద్దున 7.9, సాయంత్రం 8.2, ఇది మామూలే, రాత్రంతా అన్నీ ఊపిరి వదుల్తాయి, పగలు నాచు పీలుస్తది. 7.8కి 8.4కి మధ్య ఉంటే వదిలేయండి. పీహెచ్ పెంచే బఫర్ పొడులు వేస్తే పెరిగేది ఆల్క్, పీహెచ్ మర్నాటికి మళ్ళీ అక్కడే. తక్కువుందంటే చాలాసార్లు ఇంటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుందని అర్థం. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజు తలుపులన్నీ మూసి ఏసీ వేసి 40 మంది, పొయ్యి మీద ప్రసాదం, సాయంత్రానికి పీహెచ్ 7.7. మర్నాడు కిటికీలు తెరిస్తే దానంతటదే లేచింది. స్కిమ్మర్ గాలి పైపుని గోడలోంచి బయటికి లాగితే ఇంకా మంచిది.

టెంపరేచర్ 25-26 చాలు, ఒక డిగ్రీ అటూ ఇటూ పర్లేదు. నీళ్ళ మీద ఫ్యాన్ పెడితే చల్లబడుద్ది, హైదరాబాద్ పొడి ఎండల్లో బాగా పనిచేస్తది, వైజాగ్ ఉక్కలో అంతంతే, అక్కడ చిల్లర్ కావాలి. కరెంటు పోతే మొదట పోయేది వేడి కాదు, ఆక్సిజన్. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదు, 15 డాలర్ల బ్యాటరీ ఎయిర్ పంపు, ట్యాంకు చుట్టూ రజాయిలు, ఇవే కాపాడాయి.

స్టెప్ 8: పగడాన్ని చూసి చదవడం

కొమ్మల చివర్లు తెల్లగా కాలినట్టుంటే ఆల్క్ ఎగిరిందా చూడండి. (చివర్లు కొంచెం లేతగా ఉండి ముళ్ళు తాజాగా కనపడితే అది పెరుగుదల, భయపడొద్దు.) కింద నుంచి కండ మెల్లగా ఊడుతుంటే ఆల్క్ ఊగిసలాట, పడిపోయిన ఫాస్ఫేట్, ఈ రెండూ చూడండి. కండ ఉండి రంగు మాత్రం తెల్లబడితే లోపల నాచు వెళ్ళిపోయింది, వేడీ వెలుగూ చూడండి, బతికించే అవకాశం ఇంకా ఉంది. గోధుమరంగుకి తిరిగితే ఎరువు ఎక్కువ లేదా వెలుగు తక్కువ. హామర్ ఒక్కటే ముడుచుకుని మిగతావన్నీ బాగుంటే నీళ్ళు కాదు, జోరు నేరుగా తగులుతుందేమో, చేప కొరుకుతుందేమో. అన్నీ ఒకేసారి ముడుచుకుంటే మాత్రం నీళ్ళే, ముందు సాలినిటీ, తర్వాత ఆల్క్.

జోవాంథిడ్‌లు కోసేటప్పుడు కళ్ళజోడు, గ్లవ్స్ తప్పనిసరి, కొన్నింట్లో పాలీటాక్సిన్ ఉంటది, చాలా గట్టి విషం. అవి పట్టిన రాళ్ళని శుభ్రం చేద్దామని స్టవ్ మీద ఉడకబెట్టొద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలున్నాయి.

స్టెప్ 9: మూడు వారాలు ఇండియా వెళ్ళేటప్పుడు

టికెట్ కొన్న రోజే మొదలుపెట్టాలి. వెళ్ళే ముందు నెల రోజులు కొత్త పగడం కొనొద్దు, లైట్ మార్చొద్దు, కొత్త పరికరం పెట్టొద్దు. డోసింగ్ పంపు సీసాల్లో 30 రోజులకి సరిపడా ఉందా చూసుకోండి. పక్కింటాయనకి తాళం ఇస్తే డబ్బాలు చేతికివ్వకండి, మాత్రల డబ్బా ఉంటది కదా వారాల పేర్లతో, అందులో ఏ రోజు తిండి ఆ రోజుకి పెట్టి మిగతా డబ్బా దాచేయండి, ఎందుకంటే చేప ఎప్పుడూ ఆకలితో ఉన్నట్టే మొహం పెడుతుంది, పాపం అని మంచి మనసున్నవాళ్ళే ఎక్కువ వేస్తారు. ఆల్క్ కొలవమని ఆయన్ని అడగొద్దు, తప్పు అంకె వాట్సాప్‌లో వస్తే గుంటూరులో మీకు నిద్ర పట్టదు. టాప్ ఆఫ్ డబ్బాలో నీళ్ళు ఈ గీత కిందకి వస్తే నింపండి అని టేపు అంటించండి, చాలు.

తిరిగొచ్చాక జెట్ లాగ్‌లో అర్ధరాత్రి 2కి మెలకువొచ్చి ట్యాంకు ముందు కూర్చుంటారు, ఆల్క్ 7.1 కనపడుద్ది, చెయ్యి 'ఏ' సీసా మీదకి వెళ్తది. సాలినిటీ కొలిచి, రెండు అంకెలూ పుస్తకంలో రాసి వెళ్ళి పడుకోండి. రాత్రి 9కి మళ్ళీ కొలిచి అప్పుడు చూద్దాం.